మెషిన్‌కు పట్టిన గార

జులై 16, ఆదివారం

నిన్న కూడా ఓడాం. మా యాటినా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఓడిపోవడం ప్రత్యేకంగా రాసుకోవాల్సిన సంగతి కాదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను.

జెర్సీలు ఇరవై రెండూ ఉతికి దండెం మీద వేశాను. ఎప్పటిలాగే ఒకటి నుంచి ఇరవై మూడు దాకా వరుసగా (పదమూడు అశుభమని మా జట్టులో లేదు), వీపు మీది నంబర్లు రోడ్డు వైపుకు తిప్పి. జులై అంటే మాకు చలికాలం, గాలి బాగా వీచింది, మధ్యాహ్నానికల్లా ఆరాయి. ఆరాక చూస్తే తెల్ల పట్టీల మీద బూడిదరంగు పెచ్చులు. గోటితో గీకితే పొడిగా రాలాయి. కొన్నిచోట్ల జిడ్డు మరక ఉంది, అది గీకినా పోలేదు. విదిలించి, మరకలు లోపలికి పోయేలా మడతపెట్టాను.

మైదానంలో పరిగెత్తే మనిషి వీపును అంత దగ్గరగా చూసేదెవరు?

మా ఆయన క్లెమ్ ఇంకా పోర్ట్ ఆల్డెన్‌లోనే ఉన్నాడు. సముద్రం పక్కన మేం కొనుక్కున్న చిన్న ఇంటికి రంగులు వేస్తున్నాడు. ఆ తేమగాలికి గోడలు తొందరగా ఆరవు మరి.


జులై 18, మంగళవారం

టామ్‌సిన్ వచ్చింది. చేతిలో స్కోన్ రొట్టెల డబ్బా చూడగానే చేదు కబురేదో తెచ్చిందనుకున్నాను. క్లబ్బుకు సెక్రటరీ అయ్యాక ఆ పిల్ల ఎవరింటికీ ఉత్తపుణ్యానికి స్కోన్లు పట్టుకెళ్ళదు.

"టీ పెట్టనా?"

"వద్దు, మళ్ళీ బడికి వెళ్ళాలి. పిల్లల్ని వేరే టీచరుకు అప్పజెప్పి వచ్చాను. వెర్నా, ఒక మాట చెప్తాను, మీరు ఏమీ అనుకోకూడదు."

"అనుకునే మాటే అయితే అనుకుంటాను. చెప్పు."

"జెర్సీలు వాసన వస్తున్నాయి. మా ఆయన మెడంతా దద్దుర్లు. ఇంకో ఇద్దరికీ అంతే." సంచిలోంచి పదిహేడో నంబరు తీసి బల్ల మీద పరిచింది. నేను లోపలికి మడిచిన మరకలన్నీ పైకి వచ్చాయి. బల్ల మీద కాస్త బూడిద రాలింది. దాన్ని అరచేత్తో మెల్లగా పక్కకు తోసింది. ఆ తోయడమే నాకు ఎక్కువ కష్టం అనిపించింది.

"బోరు నీళ్ళమ్మాయ్. ఈ ఊళ్ళో ఎవరి బట్టలైనా అంతే."

"నిజమే. కానీ ముందు ఇలా ఉండేవి కావు." మరక మీద వేలు పెట్టింది. "ఫిబ్రవరి ముందు దాకా ఏం మురికి పట్టినా తెల్లగా వచ్చేవి."

స్కోన్ల డబ్బా మూత గట్టిగా నొక్కాను.

"ఇంకెన్ని మ్యాచులున్నాయి గనక. గ్రేస్‌బీలో లాండ్రీ ఉంది, ఈ నాలుగు వారాలూ అక్కడ ఇచ్చేస్తాం. మీరూ కాస్త ఊపిరి పీల్చుకోండి."

గ్రేస్‌బీ. మేం ఓడిన ప్రతిసారీ కార్లలో మా ఊరు చుట్టూ తిరిగి హారన్లు కొట్టి పోయే ఊరు. మా దగ్గర జట్టుకు సరిపడా కుర్రాళ్ళు మిగల్లేదని వచ్చే ఏడాది నుంచి మా క్లబ్బును వాళ్ళ క్లబ్బులో కలిపేస్తున్నారు. ఆగస్టు పన్నెండున ఇక్కడ ఆఖరి మ్యాచ్. ఆ మ్యాచ్‌కు వేసుకునే జెర్సీలు కూడా వాళ్ళ నీళ్ళలోనే మునగాలా?

"నీకు ఐదేళ్ళప్పటి నుంచి ఉతుకుతున్నాను," అన్నాను. "మీ నాన్న పదకొండో నంబరు. చంకలో చిరిగిన ప్రతిసారీ కుట్టింది నేనే."

"నాకు తెలుసు వెర్నా," అంది. కళ్ళు దించుకునే సంచులు రెండూ కారెక్కించింది.

స్కోన్లు బల్ల మీదే ఉన్నాయి. ముట్టుకోను.


జులై 19, బుధవారం

స్కోన్లు తిన్నాను. ఉప్పు కాస్త ఎక్కువైంది.


జులై 20, గురువారం

మొదటిసారి ఉతికింది 1992 ఏప్రిల్‌లో. అంతకుముందు ఉతికే ఆవిడ తుంటి విరగ్గొట్టుకుంటే, రెండు వారాలు చూడు వెర్నా అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు చూశాను.

ఆ మొదటి ఆదివారం, మగాళ్ళ బురద కదా అని సబ్బుపొడి నాలుగు గరిటెలు పోశాను. అప్పట్లో పైన మూత ఉండే పాత మెషిన్. మూత ఎత్తుకుని నురగ బయటికొచ్చింది. వెనక గది నిండి, వంటింట్లోకి వచ్చి, మెట్లు దిగింది. సరిగ్గా అప్పుడే జట్టు కెప్టెన్ సంచి కోసం వచ్చాడు. మోకాళ్ళ దాకా నురగలో నిలబడి ఉన్నాను. ఆ రోజు నుంచి క్లబ్బులో నా పేరు నురగమ్మ. వాళ్ళ పిల్లలు కూడా అలాగే పిలిచారు. వెర్నా పాస్కో అంటే ఎవరని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

మనుషుల్ని నంబర్లతోనే గుర్తుపెట్టుకున్నాను. పద్నాలుగుకు ఎప్పుడూ రక్తం. చల్లటి నీళ్ళలో నానబెట్టాలి, వేడి తగిలిందా ఇక పోదు. నాలుగో నంబరు కాలరుకు లిప్‌స్టిక్ అంటేది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో లిప్‌స్టిక్ ఎక్కడిదని నేను అడగలేదు, వాళ్ళావిడకూ చెప్పలేదు. 1998లో ఫైనల్ గెలిచినప్పుడు జెర్సీలు బుధవారం దాకా నా చేతికి రాలేదు. తొమ్మిదో నంబరువాడు దాంతోనే పడుకున్నాడట, దాంతోనే గొర్రెల ఉన్ని కత్తిరించాడట.

కరువు ఏళ్ళలో బోరు కూడా సన్నగిల్లితే, మేం స్నానం చేసిన తొట్టి నీళ్ళతో ఉతికాను. బకెట్లు మోసింది క్లెమ్. వెనక గదికీ స్నానాల గదికీ మధ్య, ఒక్క మాట మాట్లాడకుండా, రెండు చేతులా రెండు బకెట్లు.

ఆదివారం దండెం నిండా జెర్సీలు ఊగుతుంటే రోడ్డు మీద పోయే లారీలవాళ్ళు హారన్ కొట్టేవారు. వంటింట్లో నుంచే చెయ్యి ఊపేదాన్ని. వాళ్ళకు కనపడదని తెలుసు.

ఇంకొకటి. మూడు నెలలకోసారి, నేను మైదానం క్యాంటీన్‌లో సూప్ పోస్తూ ఉండే శనివారం, ఇంటికొచ్చేసరికి వెనక గది నిమ్మకాయ వాసన వేసేది. క్లెమ్ నేల తుడిచి ఉంటాడనుకునేదాన్ని.


జులై 22, శనివారం

జలుబని చెప్పి మ్యాచ్‌కు వెళ్ళలేదు. జలుబేమీ లేదు.

మైదానం రెండు వీధుల అవతలే. గోలుకు ఆరు పాయింట్లు, ఒక్క మ్యాచ్‌లోనే పది ఇరవై గోల్స్ పడే ఆట మాది; గోలు పడినప్పుడల్లా చుట్టూ ఆపిన కార్ల హారన్లు వినిపిస్తాయి. పదమూడుసార్లు మోగాయి. అందులో నాలుగే మావి. మావాళ్ళు హారన్ కొట్టేముందు ఒక్క క్షణం ఆగుతారు, నమ్మకం కుదరక.


జులై 23, ఆదివారం

దండెం ఖాళీగా ఉంది. ఒక లారీ హారన్ కొట్టకుండా పోయింది.

పది గంటలకు వెనక గదిలోకి వెళ్ళి, మెషిన్ తలుపు తీసి టార్చి వేసి చూశాను. ఇన్నేళ్ళలో దాని లోపలికి చూసింది లేదు. బట్టలు వేస్తాను, తీస్తాను, అంతే. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ మడతలో నల్లటి జిడ్డు. డ్రమ్ము చిల్లుల అంచుల్లో తెల్లగా, గట్టిగా సున్నం. పళ్ళకు పట్టిన గారలాగా ఉంది. సబ్బుపొడి పోసే సొరుగు లాగితే, పొడి తడిసి రాయిలా గడ్డకట్టింది. వెన్న కత్తితో పొడిస్తే కత్తి వంగింది.

అమ్మాయి చెప్పింది నిజమే. ఆ మాట ఇక్కడ రాస్తాను గానీ ఆమెతో అనను.

సీసాన్నర వెనిగర్ పోసి ఖాళీ మెషిన్ తిప్పాను. ఇల్లంతా ఊరగాయ జాడీలా కంపు కొట్టింది. ఆ తర్వాత పాత దిండు గలీబు ఒకటి వేసి ఉతికాను. ఇంతకుముందు బూడిదే రాలేది, ఈసారి గోళ్ళంత పెచ్చులు వచ్చాయి. సగం ఊడి సగం అంటుకున్నట్టుంది.

ఆఖరి మ్యాచ్ జెర్సీలు నేనే ఉతుకుతాను. ఎవరేమన్నా సరే.


జులై 25, మంగళవారం

కళ్ళు ఇంకా మండుతున్నాయి. అక్షరాలు సరిగా రావడం లేదు.

పొద్దున మిగిలిన వెనిగర్ డ్రమ్ములో పోసి కాసేపు ఉంచాను. రబ్బరు మడతలో నలుపు అప్పటికీ కదల్లేదని, దాని మీదే బ్లీచ్ పోశాను. రెండూ శుభ్రం చేసేవే కదా, కలిస్తే ఇంకా మంచిదనుకున్నాను. తల లోపలికి పెట్టి బ్రష్షుతో రుద్దుతున్నాను. గొంతులో ఎవరో మిరపకాయలు నూరినట్టయింది. కళ్ళు తెరవలేకపోయాను. గోడ పట్టుకుని వెనక మెట్ల దాకా వచ్చి కూలబడ్డాను. ఊపిరి లోపలికి పోవడం లేదు.

టామ్‌సిన్ స్కోన్ల డబ్బా కోసం వచ్చింది. రాకపోతే ఏమయ్యేదో. నన్ను భుజం కింద పట్టుకుని దండెం దగ్గరికి లాక్కెళ్ళింది. తన జుట్టుకు కట్టుకున్న రుమాలు ముక్కుకు కట్టుకుని లోపలికి వెళ్ళి కిటికీలన్నీ తెరిచింది. ఆసుపత్రికి ఫోన్ చేసింది. నర్సు వచ్చి గుండెలు విని, ఇంకో రెండు నిమిషాలుంటే మరోలా ఉండేదని, ఈ రోజంతా బయటి గాలిలోనే కూర్చోమని చెప్పి వెళ్ళింది.

టామ్‌సిన్ బడికి వెళ్ళలేదు. దుప్పటి తెచ్చి నాకు కప్పి మెట్ల మీద నా పక్కనే కూర్చుంది.

"క్లెమ్‌కు ఫోన్ చేస్తాను."

"వద్దు. రంగుల పనిలో ఉంటాడు. నిచ్చెన మీద ఉంటాడేమో."

"వెర్నా," అంది మెల్లగా, "ఫిబ్రవరి నుంచీ నిచ్చెన మీదే ఉన్నాడా?"

దుప్పటి అంచు సర్దుకున్నాను. "ఎవరెవరికి తెలుసు?"

"పోస్టాఫీసులో ఆయన తన ఉత్తరాలకు చిరునామా మార్పించుకున్నాడు కదా."

అంటే అందరికీ తెలుసు. ఆరు నెలలుగా నేను రంగుల గురించి, నిచ్చెనల గురించి, గోడలు ఆరకపోవడం గురించి చెబుతుంటే, అందరూ తలలూపి, ఏ రంగు వేస్తున్నాడని కూడా అడిగారు. లేత నీలం అని చెప్పాను.


జులై 26, బుధవారం

టామ్‌సిన్ చెప్పేసింది. క్లెమ్ పొద్దున్నే ఫోన్ చేశాడు. మామూలుగా మా ఫోన్లు రెండు నిమిషాల్లో అయిపోతాయి. వాన పడిందా, కరెంటు బిల్లు వచ్చిందా, సరే మరి.

"చచ్చేదానివి వెర్నా."

"చావలేదు కదా."

"ఆ రెండూ కలిపితే విషవాయువు వస్తుంది. సీసా మీద రాసి ఉంటుంది. నలభై ఏళ్ళుగా కొంటున్నావు, ఒక్కసారి చదివావా?"

"కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి."

అతను పెద్దగా ఊపిరి వదిలాడు. ఆ చప్పుడు నాకు తెలుసు, ఇంట్లో అయితే దాని తర్వాత తలుపు వేసుకుని వరండాలోకి వెళ్ళేవాడు. ఫోన్‌లో వెళ్ళడానికి వరండా లేదు.

"ఎందుకు చేశావసలు?"

జెర్సీల సంగతి చెప్పాను. పెచ్చులు, దద్దుర్లు, గ్రేస్‌బీ లాండ్రీ. అంతా విన్నాడు.

"నేను చూసి రావాల్సింది," అన్నాడు. "వచ్చేముందు దాన్ని ఒకసారి కడిగి రావాల్సింది. తొందరలో మర్చిపోయాను."

"నువ్వు కడిగేవాడివా?"

"మరి తనంతట తనే శుభ్రపడుతుందనుకున్నావా?"

నిమ్మకాయ వాసన. నేల తుడుస్తున్నాడనుకున్నాను. మూడు నెలలకోసారి, ముప్పై ఒక్క ఏళ్ళు. నూటికి పైగా శనివారాలు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."


జులై 27, గురువారం

ఫిబ్రవరి పదకొండు, శనివారం. ఎక్కడా రాసుకోలేదు. ఇప్పుడు రాస్తాను.

అతను గోధుమ గిడ్డంగిలో ఉద్యోగం మానినప్పుడు పోర్ట్ ఆల్డెన్‌లో ఆ ఇల్లు కొన్నాం. నాలుగేళ్ళయింది. ఏటా నేనే అన్నాను, ఈ సీజన్ అయ్యాక వెళ్దామని. ఆ రోజు బండిలో రెండు పెట్టెలు, గాలపు కర్రలు, రేడియో పెట్టాడు.

"ఈ దుమ్ము నాకు ఇక పడటం లేదు వెర్నా. నీళ్ళ పక్కన ఉండాలనుంది. నువ్వూ వస్తే బాగుంటుంది. రాకపోయినా నేను వెళ్తున్నాను."

"జెర్సీలు ఎవరు ఉతుకుతారు?" అన్నాను.

రేడియో పడిపోకుండా సర్దాడు. "సరే," అన్నాడు.

దారిలో తినడానికి లోపల కూర పెట్టి కాల్చిన పేస్టీలు కాగితంలో చుట్టి ఇచ్చాను. గేటు దగ్గర చెయ్యి ఊపాడు, ఊపాను. గొడవ లేదు, ఏడుపు లేదు. భర్త వెళ్ళిపోవడమంటే ఇలా ఉంటుందని నాకు అప్పుడు తట్టలేదు. పేస్టీలో మిరియాలు వేశానో లేదో అని ఆలోచిస్తూ లోపలికి వచ్చాను.


జులై 30, ఆదివారం

నిన్న పశువుల దాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరికింది. క్లెమ్ చెప్పినట్టే చేశాను. ఫోన్ బల్ల మీద, స్పీకర్ పెట్టి.

"వెనిగర్, బ్లీచ్ అన్నీ పోయేలా నాలుగుసార్లు వట్టి నీళ్ళతో తిప్పావా?"

"ఐదుసార్లు."

"టీ కప్పు నిండా నిమ్మ ఉప్పు. సొరుగులో కాదు, డ్రమ్ములోనే పొయ్యి. బట్టలేమీ వద్దు. అన్నిటికన్నా వేడిగా ఉండేది పెట్టు. నీళ్ళు వేడెక్కి ఒక అరగంట తిరిగాక ఆపెయ్యి. గంటసేపు అలాగే నాననివ్వు. అప్పుడు సున్నం మెత్తబడుతుంది."

అరగంట తిరిగింది. ఆపాను. ఇక గంటసేపు చేయాల్సిందేమీ లేదు.

"సరే మరి, గంట తర్వాత చేస్తాను," అన్నాను.

"ఫోన్ పెట్టెయ్యడమెందుకు," అన్నాడు. "నాకూ పనేమీ లేదు."

నేను వెనక గదిలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. అతని వైపు నుంచి సముద్రపు పక్షుల అరుపులు వినిపించాయి. ఏం మాట్లాడాలో తెలియక, ఇంటికి ఏ రంగు వేశావని అడిగాను.

"రంగా? వెయ్యలేదే. ఎవరన్నారు?"

నేనే అన్నానని, లేత నీలమని ఊరంతా చెప్పానని చెప్పాను. నవ్వాడు. లేత నీలం బాగానే ఉంటుందన్నాడు.

గంటయ్యాక నీళ్ళు వదిలితే, తెల్లటి గంజిలాంటివి కాలువలోకి పోయాయి. అప్పుడు కింద మూలనున్న చిన్న తలుపు తీయమన్నాడు. అక్కడ తలుపుందని నాకు తెలియదు.

"ముందు పళ్ళెం పెట్టుకో. కింద పాత తువ్వాళ్ళు పరుచు. మెల్లగా తిప్పు, ఒక్కసారిగా తియ్యకు."

ఒక్కసారిగా తీశాను. మోకాళ్ళు తడిశాయి. వడకట్టే జాలీ నిండా బూడిదరంగు మడ్డి, దారాలు, రెండు గుండీలు, షూ కింది మేకు. ఇంకొకటి చిన్నగా, తెల్లగా ఉంది. కడిగి వెలుతురులో పెట్టి చూశాను.

"క్లెమ్. పన్ను."

"ఏంటి?"

"మనిషి పన్ను. ముందుది."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆగలేదు. నాకూ వచ్చింది. తడి నేల మీద కూర్చుని, చేతిలో ఎవరిదో పన్ను పట్టుకుని, పక్కటెముకలు నొప్పి పుట్టేలా నవ్వాను. ఎవరిదై ఉంటుందా అని ఒక్కొక్క నంబరే లెక్క వేసుకున్నాం. ఈ మెషిన్ కొని తొమ్మిదేళ్ళే కాబట్టి పాతవాళ్ళది కాదు. ఇరవై మూడో నంబరు మూతి పగిలిన రోజు అతనికి గుర్తుంది. నాకు గుర్తులేదు.

"నీకు ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేదనుకున్నానే," అన్నాను.

"ఫుట్‌బాల్ అంటే లేదు," అన్నాడు.


ఆగస్టు 2, బుధవారం

రెండో విడత. నిమ్మ ఉప్పు, వేడి నీళ్ళు, గంట నానడం. గంటసేపు మాట్లాడుకున్నాం. చేపలు, అతని పక్కింటి ఆవిడ కుక్క, మా పెళ్ళినాటి కారు.

నీళ్ళ గొట్టం మెషిన్‌కు కలిసే చోట వేలెడంత జాలీ ఉంటుందట. విప్పి చూస్తే మూడొంతులు సున్నంతో పూడిపోయింది. దాన్ని, సొరుగును నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమాను. రబ్బరు మడత మాత్రం వేలికి గుడ్డ చుట్టుకుని కొంచెం కొంచెంగా తుడవాల్సి వచ్చింది. రెండు గంటలు పట్టింది.

"ఇంకో మాట," అన్నాడు. "కోప్పడకు."

"చెప్పు."

"సబ్బుపొడి ఎంత వేస్తున్నావు?"

"రెండు గరిటెలు."

"ఈ నీళ్ళలో ఎక్కువైన సబ్బు కరగదు వెర్నా. సున్నంతో కలిసి లోపలే పేరుకుంటుంది. నువ్వు గీకుతున్నది సగం సబ్బే. ఒక గరిటె చాలు."

ఈ మాట ఇంతకుముందు విన్నాను. వందసార్లు విన్నాను. పిసినారి అనుకున్నాను. మొహం మీదే అన్నాను కూడా.

ఒక గరిటె వేశాను.


ఆగస్టు 4, శుక్రవారం

తెల్ల తువ్వాలు ఒకటి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి టామ్‌సిన్ బడికి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం విరామం. వరండాలో పిల్లల మధ్యే విప్పి చూసింది. తిప్పి చూసింది. వాసన చూసింది. కిటికీ వెలుగులో పెట్టి విదిలించింది.

"కొత్తది కొన్నారా?"

"ఇరవై ఏళ్ళనాటిది. అంచు చూడు."

చూసింది. తువ్వాలు మొహానికి ఆనించుకుని కొంచెంసేపు అలాగే ఉంది. "రేపు మ్యాచ్ అవగానే సంచులు మీ ఇంటికే తెస్తాను," అంది.

"మీ ఆయన మెడ ఎలా ఉంది?"

"తగ్గింది. గ్రేస్‌బీ లాండ్రీలో నంబరు తొమ్మిది పోగొట్టారు, వెర్నా. నేను ఎవరికీ చెప్పలేదు. మీ దగ్గర పాతది ఉందా?"

ఉంది. ఎందుకుండదు.


ఆగస్టు 8, మంగళవారం

ఆదివారం ఉతికి ఆరేశాను. తెల్లగా ఉన్నాయి. మూడు లారీలు హారన్ కొట్టాయి.

నిజం రాసుకోవాలి. నేను పోర్ట్ ఆల్డెన్ వెళ్ళనిది జెర్సీల కోసం కాదు. అతను ఉద్యోగం మానాక ఈ ఇంట్లో మూడేళ్ళకు పైగా ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఈ వారం ఏ చెత్తబుట్ట బయటపెట్టాలన్న మాట తప్ప మాకు వేరే మాట ఉండేది కాదు. ఇక్కడైతే ఆదివారం జెర్సీలుంటాయి, శనివారం క్యాంటీన్ ఉంటుంది. అక్కడ, రెండు గదుల ఇంట్లో, ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, ఏం మాట్లాడుకుంటాం? ఆ భయం. అతనికి చెప్పడం కన్నా సీజన్ అయ్యాక అనడం సులువు.


ఆగస్టు 12, శనివారం

పదమూడు పాయింట్ల తేడాతో ఓడాం. అయినా చివరి గోలు మాది. ఈసారి కార్లు ఆగకుండా మోగాయి, చాలాసేపు మోగాయి, గ్రేస్‌బీ కార్లు కూడా.

క్లెమ్ రాలేదు. రమ్మని నేను అడగలేదు, వస్తానని అతను అనలేదు. క్యాంటీన్‌లో సూప్ పోస్తూ గేటు వైపు ఎన్నిసార్లు చూశానో నాకే తెలుసు.


ఆగస్టు 13, ఆదివారం

ఆఖరిసారి.

బురద ముందు గీకాను. పద్నాలుగును చల్లటి నీళ్ళలో నానబెట్టాను. ఒక గరిటె. మెషిన్ చప్పుడు కూడా మారింది, ఇదివరకటిలా మూలగడం లేదు. స్టూలు మీద కూర్చుని, గాజు తలుపులోంచి ఎర్రా తెలుపూ తిరగడం చివరిదాకా చూశాను.

జెర్సీలు ఎవరివి వాళ్ళే ఉంచుకోవాలని క్లబ్బు తీర్మానించిందట. సాయంత్రం టామ్‌సిన్‌తో కలిసి జట్టంతా మా పెరట్లోకి వచ్చారు. పెద్ద పెద్ద మగవాళ్ళు, గడ్డిలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకటో నంబరువాడు ముందుకు వచ్చాడు. క్లిప్పులు తనే తీసి, నా చేతిలో పెట్టి, "నురగమ్మా, థాంక్స్," అన్నాడు. తర్వాత రెండు. తర్వాత మూడు. ఎవరూ తోసుకోలేదు. ఇరవై మూడోవాడికి జెర్సీతో పాటు పన్ను కూడా ఇచ్చాను. నోరు తెరిచి చూపించాడు, ఖాళీ అక్కడే ఉంది. ఆ నవ్వుతో కాస్త తేలికైంది.

అందరూ వెళ్ళాక టామ్‌సిన్ ఉండిపోయింది.

"కొత్త క్లబ్బు వాళ్ళతో మాట్లాడాను. వచ్చే సీజన్ మీరే ఉతకాలని అడిగాను. ఒప్పుకున్నారు. రంగులే వేరు, అంతే."

మూడు వారాల క్రితమైతే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు చేతిలో నలభై నాలుగు క్లిప్పులున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలా అని చూశాను.

"కాగితం, పెన్ను తీసుకురా," అన్నాను. "మెషిన్ ఎలా కడగాలో చెప్తాను. నిమ్మ ఉప్పు దగ్గర్నుంచి రాసుకో."

"అంటే ఉతకనంటారా?"

"రాసుకో ముందు. మూడు నెలలకోసారి. మర్చిపోకు."


ఆగస్టు 15, మంగళవారం

మెషిన్ శుభ్రంగా ఉంది. ఉదయం నుంచి దాని చుట్టూ తిరిగాను. జాలీ చూశాను, రబ్బరు చూశాను, సొరుగు లాగి చూశాను. అడగడానికి ఏమీ దొరకలేదు.

పదకొండు గంటలకు ఫోన్ చేశాను.

"ఏమైంది? మళ్ళీ ఆగిపోయిందా?"

"లేదు. బాగానే తిరుగుతోంది."

"నీళ్ళు కారుతున్నాయా?"

"కారడం లేదు."

"మరి?"

"ఊరికే చేశాను."

అవతల పక్షుల అరుపులు వినిపించాయి. "ఉండు," అన్నాడు. "కుర్చీ తెచ్చుకుంటాను."


ఆగస్టు 17, గురువారం

రేపు పొద్దున ఎనిమిదిన్నరకు బస్సు. ఇంటి తాళం టామ్‌సిన్‌కు ఇచ్చాను. మెషిన్ తలుపు మూయకుండా వదిలేశాను, లోపల ఆరాలి.

వారం రోజులకే వస్తున్నానని క్లెమ్‌తో చెప్పాను. చలి ఇంకా తగ్గలేదు. డిసెంబరులో వేసుకునే వేసవి గౌన్లు కూడా పెట్టెలో పెట్టాను.